నూట ఇరవై గారి పొడిగింపు

మా సంస్థలో పదవీకాలం పొడిగింపు పొందినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకరి కేంద్రకంలో నూట ఇరవై ప్రోటాన్లున్నాయి. మిగతావాళ్లలో ఏమున్నదీ ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు.

నేనక్కడ పౌరసంబంధాల అధికారిని. శాస్త్రవేత్తలు కనిపెట్టింది పెద్దలకు అర్థమయ్యేలా చెప్పడం, పెద్దలు చెప్పింది శాస్త్రవేత్తలు నవ్వకుండా వినేలా చూడడం నా ఉద్యోగం. రెండో పనికే నాకు జీతం ఎక్కువ ఇవ్వాలి.

సంస్థ పేరు అతిభార మూలకాల పరిశోధన కేంద్రం. ఉత్తరాంధ్రలో, జీడితోటలు దాటాక, సముద్రపు గాలికి తుప్పు పట్టిన పెద్ద గేటు లోపల ఉంటుంది. అక్కడ ఒక యంత్రం ఉంది. అది తేలికపాటి పరమాణువులను ఊహకందని వేగంతో తోలి, బరువైన లోహపు రేకుకేసి కొడుతుంది. కోటానుకోట్ల సార్లు కొట్టగా కొట్టగా ఎప్పుడో ఒకసారి రెండు కేంద్రకాలు అతుక్కుని, ప్రకృతిలో ఎక్కడా లేని కొత్త మూలకం ఒకే ఒక్క పరమాణువు పుడుతుంది. పుట్టి, సెకనులో వెయ్యోవంతు గడవకముందే చిట్లిపోతుంది. చిట్లేటప్పుడు రేణువులు వరసగా వెళ్లి ఒక పలకకు తగిలి గుర్తులు వదులుతాయి. సాక్ష్యమంటే ఆ గుర్తులే. అంటే అది పోతేనే పుట్టిందని తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. మావాళ్లు గుర్తుపెట్టుకోకపోవడం వల్లే ఈ కథంతా జరిగింది.

ఆ మూలకం వెంట పడ్డావిడ డాక్టర్ గంటి సుభాషిణి గారు. నూట ఇరవయ్యో మూలకం విభాగానికి ఆవిడే అధిపతి, ఆవిడే సిబ్బంది. యంత్రం నడిపే మోజెస్‌ను ఇంకో విభాగం నుంచి అప్పు తెచ్చుకున్నారు. పన్నెండేళ్ల పాటు రేకును కొట్టిస్తూ కూర్చుంటే రెండు పరమాణువులు పుట్టాయి. పుట్టిన ప్రతిసారీ మోజెస్ గదిలో వేలాడదీసిన ఇత్తడి గంట కొట్టాడు. ఆ గంట వాళ్ల చర్చిలో పాతదైపోతే తీసుకొచ్చాడు.

కొత్త మూలకాలను ఒప్పుకునే అంతర్జాతీయ పండితులు మాత్రం, రెండంటే కాకతాళీయం కావచ్చు, మూడోది కూడా చూపించండి, అప్పుడు కనిపెట్టిన ఘనతా పేరు పెట్టే హక్కూ మీవే అన్నారు. సముద్రాలకవతల ఇంకో ప్రయోగశాల కూడా దీనికోసమే రేకులు చితక్కొడుతోంది. సుభాషిణి గారు జూన్ నెలాఖరుకు రిటైర్ కావాలి. అందుకని ఆవిడ ఒక ఆరు నెలల పొడిగింపు అడిగారు. జీవితంలో ఆవిడ సంస్థను అడిగింది అదొక్కటే.

మా డైరెక్టర్ త్రివిక్రమరావు గారు మంచివారు. ఏ ఉద్యోగికీ కాదని చెప్పి ఎరుగరు, అవునని చెప్పి కూడా ఎరుగరు.

"మీ అభ్యర్థన సానుభూతితో పరిశీలనార్హమైనదేనమ్మా. కానీ మంజూరు చేసే అధికారం నా పరిధిలోనిది కాదు. ఉన్నతస్థాయి సమీక్షకు నివేదిద్దాం" అన్నారాయన.

ఉన్నతస్థాయి అంటే జాయింట్ సెక్రటరీ కోదండపాణి గారు. ఆయన మే నెల ఎండలో, కోటు వేసుకుని, ఇద్దరు సభ్యులతో వచ్చారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో ఉండేవారు. అక్కడ చేపల సంఖ్య పెంచారని పేరు. చేపలను కాదు, సంఖ్యను.

కొబ్బరినీళ్లయ్యాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "సదరు మూలకాన్ని ప్రవేశపెట్టండి" అన్నారు.

"ఇప్పుడు లేదండి" అన్నారు సుభాషిణి గారు.

"సెలవులో ఉన్నదా?"

"చిట్లిపోయిందండి. మొదటిది నిరుడు మాఘమాసంలో, రెండోది మొన్న ఉగాది ముందు."

కోదండపాణి గారు సభ్యుల వైపు చూశారు. సభ్యులు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. "ఎవరి పూర్వానుమతితో?" అని అడిగారు కోదండపాణి గారు.

సుభాషిణి గారు ఓపికగా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. పుట్టడం, చిట్లడం, పలక, గుర్తులు. ఆయుష్షు సెకనులో వెయ్యోవంతు కూడా లేదని, అందుకే మూడోదాని కోసం ఇంకా కొంతకాలం కాచుకుని ఉండాలని, ఆ కొంతకాలం కోసమే పొడిగింపు అడుగుతున్నానని వివరించారు. ఆవిడ చెబితే మా క్యాంటీన్‌వాళ్లకు కూడా అర్థమయ్యేది. కోదండపాణి గారికి అంతకంటే ఎక్కువే అర్థమైంది.

"అంటే, ఇంత వ్యయప్రయాసలకోర్చి ప్రభుత్వం సృష్టించిన ఆస్తి, ప్రభుత్వానికి ఒక్క మాట తెలియజేయకుండా, సెకను కూడా సేవలందించకుండా నిష్క్రమిస్తోంది."

"దాని స్వభావం అదండి."

"స్వభావాలను సంస్కరించడానికే కదమ్మా పరిపాలన ఉన్నది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీకు సమయం చాలకపోవడం ఇక్కడ సమస్య కాదు. దానికి ఆయుష్షు చాలకపోవడం సమస్య. అది ఆరు నెలలు నిలకడగా ఉన్నదనుకోండి, మీరు మూడోదాని కోసం కాచుకోవలసిన అవసరమే ఉత్పన్నం కాదు. ఎవరొచ్చినా చూపించవచ్చు. మనం మూలకారణాన్ని పరిష్కరించాలి."

ఒక సభ్యుడు వెంటనే, నిబంధనల ప్రకారం ఒక విభాగానికి ఏడాదికి ఒక్క పొడిగింపే ఇవ్వగలమని గుర్తుచేశాడు.

"అవును. అర్హత ఎవరికి ఎక్కువ? డాక్టరు గారు ఇప్పటికే అరవై ఏళ్లు ఉన్నారు. సదరు మూలకం వెయ్యోవంతు కూడా లేదు. సామాజిక న్యాయం దృష్ట్యా..." అని కోదండపాణి గారు ఆగిపోయారు. వాక్యం పూర్తి చేయవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వాడికి ఎద్దయినా ఎదురుగా ఉంది. మావాళ్లకు అదీ లేదు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "నూట ఇరవయ్యో మూలకము యొక్క ఉనికిని, ప్రజాహితము దృష్ట్యా, జూలై ఒకటవ తేదీ నుండి ఆరు మాసముల పాటు పొడిగించుటకు ప్రభుత్వము వారు సంతసముతో ఆమోదించడమైనది. సదరు కాలములో సదరు మూలకము చిట్లుట, విచ్ఛిన్నమగుట, లేదా అన్యథా నిష్క్రమించుట నిషిద్ధము." ఆవిడ అభ్యర్థన గురించి ఆఖర్న ఒక్క వాక్యం ఉంది. పై పొడిగింపు దృష్ట్యా అది అవసరము లేనిదైనది అని.

నేనే ఆ కాగితం పట్టుకెళ్లి సుభాషిణి గారికిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఇది చదివిందంటారా?" అన్నారు.

"ఎవరండి?"

"మూలకం."

ఉత్తర్వంటూ వచ్చాక అమలు చేయాలి. త్రివిక్రమరావు గారు ఒక సీసపు పెట్టె తెప్పించి, దానికి తాళం వేయించి, బల్ల మీద పెట్టించారు. మోజెస్ ఉండబట్టలేక, "సార్, పెట్టెలో ఏమీ లేదండి" అన్నాడు.

"ఉత్తర్వు ఉందా లేదా?"

"ఉందండి."

"మరి?"

పెట్టెకు కాపలాగా పైడిరాజు అనే అతన్ని కొత్తగా వేసుకున్నారు. అతను అంతకుముందు జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అది మూతపడి ఏడాదైంది. ఉద్యోగంలో చేరిన రోజు కొత్త యూనిఫాం వేసుకుని పెట్టెకు దండం పెట్టాడు. ఆ పెట్టె చలవ వల్ల బాగుపడ్డవాడు నాకు తెలిసి అతనొక్కడే.

ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. విధుల్లో ఉన్నవారంతా ఏటా వైద్యపరీక్ష చేయించుకోవాలి కాబట్టి మా డిస్పెన్సరీ డాక్టరు స్టెతస్కోపు పెట్టెకు ఆనించి, "నాడి అందలేదు, ఫిర్యాదులేమీ చెప్పలేదు, విధులకు అర్హులు" అని రాసిచ్చాడు. హాజరు యంత్రంలో వేలిముద్ర పెట్టనందుకు మొదట మెమో ఇచ్చారు. వేళ్లు లేవని తేలాక దివ్యాంగుల కోటా కింద మినహాయించారు. కాగితాల్లో ఉత్త అంకె రాస్తే మర్యాదగా ఉండదని శ్రీ నూట ఇరవై గారు అని రాయడం మొదలుపెట్టారు. పండితులు ఇంకా పేరే ఒప్పుకోలేదు, మేం గౌరవవాచకం కూడా తగిలించాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఇక్కడిదాకా నాక్కూడా నవ్వులాటగానే ఉండింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. మొదటి రెండు పరమాణువుల మీద సుభాషిణి గారు ఈసారి వివరంగా రాసిన వ్యాసం పండితుల దగ్గరికి పంపడానికి సిద్ధంగా ఉంది. త్రివిక్రమరావు గారు దాన్ని చదివి ఆవిణ్ణి పిలిపించారు.

"ఇందులో చిట్లిపోయింది, చిట్లిపోయింది అని ముప్పై చోట్ల రాశారమ్మా. చిట్లుట నిషిద్ధమని ప్రభుత్వం వారే అంటుంటే, చిట్లిందని మన సంస్థ బయటికి ఎలా చెబుతుంది?"

"చిట్లకపోతే అది పుట్టినట్టు రుజువు ఏముందండీ?"

"పుట్టడానికేం, నిక్షేపంలా ఉన్నారుగా" అని ఆయన పక్క గది వైపు చెయ్యి చూపించారు.

"సార్, అది బతికి ఉందని మీరంటే నేనేమీ కనిపెట్టలేదని అర్థం. పోయిందంటేనే నేను కనిపెట్టినట్టు." ఆవిడ చేతులు జోడించడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "దయచేసి దాన్ని పోనివ్వండి."

"శుభమా అని ఉద్యోగంలో చేరినవారి గురించి అలాంటి మాటలెందుకమ్మా" అన్నారు డైరెక్టర్ గారు నొచ్చుకుంటూ. వ్యాసం ఆయన సొరుగులోకి వెళ్లింది.

జూన్ ఆఖరి రోజున సుభాషిణి గారికి టీ, సమోసాతో వీడ్కోలు చెప్పాం. శాలువా లేదు. ఆ పద్దు కింద ఉన్నదంతా నూట ఇరవై గారి కుర్చీకి, ఫ్యానుకూ ఖర్చయిపోయింది. ఆవిడ తాళాలు అప్పజెబుతుంటే ఇంకో చిక్కు బయటపడింది. విభాగం బాధ్యతలు ఎవరికి? నిబంధన ప్రకారం, ఆ విభాగంలో మిగిలినవారిలో సీనియరుకు. మిగిలింది ఒక్కరే.

అలా శ్రీ నూట ఇరవై గారు నూట ఇరవయ్యో మూలకం విభాగానికి ఇన్‌చార్జి అధిపతి అయ్యారు. సీసపు పెట్టెను ఆవిడ బల్ల మీదికి మార్చారు. తలుపు మీద ఆవిడ పేరు చెరిపి ఈయన పేరు రాశారు. సుభాషిణి గారు మాత్రం సమోసా చేత్తో పట్టుకుని పెయింటరు పని అయ్యేదాకా నిలబడి చూశారు. "పన్నెండేళ్లు దీన్ని పుట్టించడానికి తంటాలు పడ్డాను. చివరికి నా కుర్చీకే ఎసరు పెట్టింది" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం నా సమోసా పక్కన పెట్టేశాను.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం, భోజనాల వేళ, ఇత్తడి గంట మోగింది. ఆపకుండా మోగింది. నేను పెరుగన్నం వదిలేసి పరిగెత్తేసరికి మోజెస్ ఒక చేత్తో గంట కొడుతూ రెండో చేత్తో సుభాషిణి గారికి ఫోన్ చేస్తున్నాడు.

"మేడమ్, వచ్చిందండి. మూడోది. గుర్తులన్నీ వరసగా ఉన్నాయండి, మీరు గీసిన బొమ్మలాగే. మీరొచ్చి చూడాలండి" అంటున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. నావీ అంతే.

ఆవిడ ఆటోలో వచ్చారు. ఇంట్లో కట్టుకున్న నలిగిన చీరతో, చెదిరిన జుట్టుతో వచ్చారు. గేటు దగ్గర ఆపేశారు. రిటైరైనవాళ్లు సందర్శకుల కిందికి వస్తారు, సందర్శకులు ఏ విభాగానికి వెళ్లాలంటే ఆ విభాగాధిపతి పాసు మీద సంతకం పెట్టాలి.

నేను పాసు పట్టుకుని డైరెక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాను.

"సంతకం నూట ఇరవై గారిది కదా కావలసింది, నేనెలా పెడతాను? కిందివారి అధికారాన్ని పైవారు లాక్కోవడం సంప్రదాయం కాదు" అన్నారాయన.

"సార్, మూడో పరమాణువు పుట్టిందండి. ఆవిడ చూసి ధ్రువీకరించాలి. లెక్క పండితులకు పంపాలి."

ఆయన ఉలిక్కిపడ్డారు. "పుట్టిందా? ఒకరు విధుల్లో ఉండగా ఇంకొకరెలా వస్తారయ్యా? ఉన్నది ఒకే పోస్టు."

"పుట్టి చిట్లిపోయింది కూడానండి."

"నిషిద్ధం" అన్నారాయన మెల్లగా. నిజంగానే భయపడ్డారు పాపం. కాస్సేపు ఆలోచించి దారి కనిపెట్టారు. మోజెస్ దగ్గరున్న లెక్కలన్నీ ఒక ఫైలులో పెట్టించి, అభిప్రాయం కోసం విభాగాధిపతికి పంపించారు. పైడిరాజు ఆ ఫైలు అందుకుని, భక్తిగా సీసపు పెట్టె ముందు పెట్టాడు.

సుభాషిణి గారు సాయంత్రం దాకా గేటు బయట, తాటాకు పందిరి కింద, కొబ్బరిబొండాలవాడి స్టూలు మీద కూర్చున్నారు. నేను వెళ్లి విషయం చెప్పాను. మా సంస్థ మీద, నా మీద, నా మెడలో వేలాడుతున్న గుర్తింపుకార్డు మీద అసహ్యం వేసింది. ఆవిడ "ఫైలు ఎప్పుడు తిరిగొస్తుందో" అని మాత్రం అడిగారు.

అది తిరిగి రాలేదు. రెండుసార్లు గుర్తుచేశాం. శ్రీ నూట ఇరవై గారు లోతుగా పరిశీలిస్తున్నారని డైరెక్టర్ గారు రాసుకున్నారు.

అక్టోబరులో సముద్రాలకవతల ప్రయోగశాల తాము నూట ఇరవయ్యో మూలకాన్ని కనిపెట్టామని ప్రకటించింది. మూడు పరమాణువులు. పండితులు ఒప్పుకున్నారు. పేరు పెట్టే హక్కు వాళ్లకిచ్చారు. మోజెస్ ఆ రోజు గంటను కొక్కెం నుంచి విప్పేసి ఇంటికి పట్టుకుపోయాడు.

మా సంస్థలో విషాదం ఉంటుందని మీరనుకుంటే పొరపాటు. కోదండపాణి గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పత్రికలకు ప్రకటన నేనే రాయాలి, ఆయన చెబుతారు. "విదేశీయుల మూలకములు మూడూ పుట్టిన వెంటనే నశించినవి. మన మూలకము నాలుగు మాసములుగా సంపూర్ణ ఆరోగ్యముతో విధులు నిర్వహించుచున్నది. నాణ్యతలో మనదే పైచేయి." నేను రాశాను. జిల్లా ఎడిషన్లో బాక్సు కట్టి వేశారు. మూడు పాఠశాలల పిల్లలు బస్సుల్లో వచ్చి పెట్టెను చూసి వెళ్లారు.

డిసెంబరు నెలాఖరుకు పొడిగింపు ముగుస్తుంది కాబట్టి నూట ఇరవై గారికి వీడ్కోలు సభ పెట్టారు. ఈసారి షామియానా, వేదిక, పులిహోర, శాలువా, అన్నీ ఉన్నాయి. సీసపు పెట్టెను వేదిక మధ్య కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. కోదండపాణి గారు ముఖ్య అతిథి. మాజీ విభాగాధిపతి హోదాలో సుభాషిణి గారిని కూడా పిలిచారు. ఆవిడ పాసు మీద, ఇన్‌చార్జి గారు వేదిక మీద ఉన్నందున, వారి తరఫున డైరెక్టర్ గారే సంతకం పెట్టారు. తరఫున పెట్టవచ్చునన్న సంగతి ఆగస్టులో ఎవరికీ తట్టలేదు.

అందరూ మాట్లాడారు. నూట ఇరవై గారు ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనలేదన్నారు. ఒక్కరోజు సెలవు పెట్టలేదన్నారు. వచ్చిన ఫైలును తొందరపడి వెనక్కి పంపలేదన్నారు. చివరికి సుభాషిణి గారిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు దగ్గరికొచ్చి, పెట్టె వైపు కాకుండా మా వైపు చూశారు.

"నాకు తెలిసి ఆయన మా యంత్రంలోకి మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ సెకనులో వెయ్యోవంతు కూడా ఉండలేదు. ఆ కాస్తలోనే చెయ్యవలసింది చేసి, చెప్పవలసింది చెప్పి వెళ్లిపోయారు. మనకి ఒక్కొక్కరికి ముప్పై ఏళ్ల పైన సర్వీసు ఇచ్చారు." అంతే చెప్పి కిందికి దిగారు.

చప్పట్లు మోగాయి. కోదండపాణి గారు లేచి, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నారు.

"డాక్టరు గారి మాటలు నా హృదయాన్ని కదిలించాయి. ఇంతటి కార్యదక్షతను జాతి కోల్పోరాదు. శ్రీ నూట ఇరవై గారి సేవలను మరి రెండేళ్లు పొడిగిస్తున్నట్టు ఈ వేదిక నుంచే ప్రకటిస్తున్నాను" అన్నారు. బయట పటాసులు కాల్చారు. పెట్టె రిటైర్ కాలేదు కాబట్టి శాలువా మిగిలిపోయింది. వృథా ఎందుకని త్రివిక్రమరావు గారు దాన్ని సుభాషిణి గారికి కప్పారు.

పులిహోర దగ్గర జనం ఎగబడుతుంటే ఆవిడ నన్ను పక్కకు పిలిచారు. జూన్‌లో పాత గది సొరుగులో తన దూరపు చూపు కళ్లజోడు ఉండిపోయిందట, ఇన్నాళ్లూ అది లేకుండానే నెట్టుకొస్తున్నారట, తీసుకుని వెళ్లిపోతానన్నారు. ఇద్దరం వెళ్లాం. దారిలో యంత్రం చప్పుడు వినబడక ఆవిడ ఆగి, ఎందుకాపారని అడిగారు. ఉన్నది నిక్షేపంగా ఉండగా ఇంకోటి పుట్టించడం దుబారా అని దసరాకే ఆపేశారని చెప్పాను. ఆవిడ తలూపి ముందుకు నడిచారు.

పెట్టెను అప్పటికే సభ నుంచి తెచ్చి గదిలో పెట్టేశారు. తలుపు ముందు పైడిరాజు నిటారుగా నిలబడి ఉన్నాడు.

"తలుపు కాస్త తీస్తావా పైడిరాజూ? నా కళ్లజోడు లోపలుంది."

"ఇప్పుడు తియ్యకూడదమ్మా. సారు నోపలే ఉన్నారు. పరిమిసను నేకుండా ఎవలినీ ఎల్లనియ్యొద్దని సెప్పినారు."

సుభాషిణి గారు ముందుకు వంగి తలుపు మీద మెల్లగా తట్టారు. కాసేపు ఆగి మళ్లీ తట్టారు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేరు పైడిరాజూ. ఎప్పుడో పోయారు" అన్నారావిడ.

పైడిరాజు ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అలగనకండమ్మా. ఆ బాబు నేడంటే నా ఉజ్జోగం కూడా నేదు. ఫ్యాటరీ మూసేసినాక ఏడాది పస్తులున్నాం" అన్నాడు.

ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసేశారు. పన్నెండేళ్ల కష్టమంతా, అది పోయిందని ఎవరైనా ఒప్పుకోవడం మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

"పిల్లలెంతమంది?"

"ఇద్దరాడపిల్లలమ్మా. పెద్దది సైన్సు సదువుతానంటంది."

సుభాషిణి గారు శాలువా తీసి మడతపెట్టి అతని చేతిలో ఉంచారు.

"అయితే లోపలే ఉన్నార్లే" అని చెప్పి, కళ్లజోడు లేకుండానే మెట్లు తడుముకుంటూ దిగిపోయారు.